మౌస్ ముట్టకుండా ఆరు వారాలు: కీబోర్డుతో బాణం నడిపిన ప్రాజెక్టు డైరీ

"టైపింగ్ చేసుకోండి, ఫరవాలేదు. మౌస్ మాత్రం ఆరు వారాలు ముట్టొద్దు" అన్నారు ఫిజియోథెరపిస్టు, కుడి మణికట్టుకు పట్టీ బిగిస్తూ. నా పని తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం. టచ్‌ప్యాడ్‌కీ అదే చెయ్యి, అదే నొప్పి. అందుకని తెర మీది బాణాన్ని (మౌస్ పాయింటర్‌ను) కీబోర్డుతోనే నడిపే ఏర్పాటు చేసుకోవడానికి దిగాను. ఇదే దారిన ఎవరైనా వస్తే నేను పడ్డ గుంటల్లో పడకూడదని ఏ రోజుది ఆ రోజు రాసిపెట్టుకున్నాను.

సరంజామా, కొలబద్ద

14 అంగుళాల ల్యాప్‌టాప్, విండోస్ 11, తెర 1920 × 1080, స్కేలింగ్ (తెర మీది వాటిని పెద్దవి చేసి చూపే కొలత) 125 శాతం. పక్కన 22 అంగుళాల మానిటర్, అదీ 1920 × 1080, కానీ స్కేలింగ్ 100 శాతం. (ఈ 125, 100 తేడా తర్వాత నన్ను ఏడిపించింది.) ల్యాప్‌టాప్‌కు నంబర్ ప్యాడ్ లేదు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో కొడతాను.

బాగుంది, బాలేదు అని రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. అందుకని ముందే ఒక పరీక్ష పెట్టుకున్నాను. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి 20 చదరాలు వస్తాయి, ఒక్కోటి 24 × 24 పిక్సెళ్లు. స్థానాలు ప్రతిసారీ అవే. చదరం బయట పడ్డ క్లిక్కు తప్పు కింద లెక్క. ఐదు రౌండ్లు చేసి మధ్య విలువ తీసుకుంటాను.

1. కుడిచేతి మౌస్: 26 సెకన్లు, తప్పులు 0. ఒక్క రౌండే చేశాను, అదీ మా అమ్మ చూడకుండా.
2. కుడిచేతి టచ్‌ప్యాడ్: 39 సెకన్లు, తప్పు 1. ఇదీ ఒక్క రౌండే.
3. ఎడమచేతి మౌస్: 49 సెకన్లు, తప్పులు 3.

మూడోది మా తమ్ముడి పుణ్యం. "అక్కా, ఇంత గోలెందుకు? ఎడమ చేత్తో వాడితే పోలా?" అన్నాడు. మంచి ప్రశ్నే. డైరీ చివరిదాకా ఆ 49 నా పక్కనే కూర్చుంది.

ఇప్పటిదాకా: ఖర్చు 0, పని 2 గంటలు.

మొదటి దశ: విండోస్‌లో ఉన్న మౌస్ కీస్ (1 నుంచి 4వ రోజు)

నంబర్ ప్యాడ్ కీలతో బాణాన్ని కదిపే సదుపాయం విండోస్‌లో ముందే ఉంది, పేరు మౌస్ కీస్. నంబర్ ప్యాడ్‌లో 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి. 7, 9, 1, 3 మూలలకు. 5 క్లిక్, ప్లస్ గుర్తు డబుల్ క్లిక్. 0 కొడితే బటన్ నొక్కిపట్టినట్టు, చుక్క కొడితే వదిలినట్టు. నా ల్యాప్‌టాప్‌కు లేనిదే ఆ ప్యాడ్. యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి 480 రూపాయలకు కొన్నాను.

1. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో మౌస్, అందులో మౌస్ కీస్ ఆన్ చెయ్యాలి.
2. లేదా ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కాలి. ఆపడానికీ అవే మూడు.
3. కంట్రోల్ పట్టుకుంటే వేగం, షిఫ్ట్ పట్టుకుంటే నెమ్మది అనే టిక్కు అక్కడే ఉంది. అది పెట్టకుండా పరీక్ష మొదలుపెట్టకండి.
4. కింద ఉన్న రెండు స్లైడర్లలో ఒకటి వేగానికి, రెండోది త్వరణానికి.

మొదటి పరీక్ష 142 సెకన్లు. స్లైడర్లు రెండూ పెంచి, కంట్రోల్ అలవాటు చేసుకున్నాక 109. తప్పులు 4.

తప్పుల్లో మూడింటికి కారణం ఒకటే. మైనస్ కీ కొడితే 5 కాస్తా రైట్ క్లిక్ అవుతుంది. పని అయ్యాక దానంతటది వెనక్కి రాదు. స్లాష్ కొట్టి ఎడమ బటన్‌కు మనమే మార్చుకోవాలి. మర్చిపోతే ప్రతి 5కీ మెనూ తెరుచుకుంటుంది. నక్షత్రం గుర్తు కొడితే రెండు బటన్లూ ఒకేసారి. దాని అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

రెండో ఇబ్బంది స్థలానిది. ప్యాడ్ కుడివైపు పెడితే చెయ్యి మౌస్ ఉన్న చోటికే చాస్తున్నాను, నొప్పి ఎలా తగ్గుతుంది? ఎడమవైపు పెట్టాను. మూడో రోజుకు అలవాటైంది కానీ పదం కొట్టడానికి చెయ్యి మళ్లీ అక్షరాల మీదికి రావాల్సిందే. మౌస్‌ను మానేసి మౌస్ చేసే ప్రయాణాన్ని మాత్రం ఉంచుకున్నట్టయింది.

తమ్ముడి మ్యాక్‌బుక్‌లో ఇదే సదుపాయం అక్షరాల కీల మీదే ఉంది: 7, 8, 9, యూ, ఓ, జే, కే, ఎల్ దిక్కులు, మధ్యలో ఐ క్లిక్. ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ అక్షరాలు కొట్టలేం, నిజమే. కానీ చేతులు కదలక్కర్లేదు. నాకు కావలసింది అదీ, అక్షరాలు కూడా.

ఇప్పటిదాకా: ఖర్చు 480, పని 5 గంటలు, పరీక్ష 109.

రెండో దశ: క్యాప్స్ లాక్ పట్టుకుంటే బాణం (5, 6వ రోజులు)

ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ దించుకున్నాను. ఏ కీ కొడితే ఏం జరగాలో మనం స్క్రిప్టుగా రాసిస్తే అలా నడిపే ప్రోగ్రాం అది. ఉచితం. ఆలోచన సులువే: క్యాప్స్ లాక్ నొక్కి పట్టుకున్నంతసేపు ఐ పైకి, కే కిందికి, జే ఎడమకు, ఎల్ కుడికి, ఎఫ్ క్లిక్. వదిలేస్తే మామూలు కీబోర్డు.

కీలను అక్షరాల పేర్లతో కాక స్కాన్ కోడ్‌లతో రాశాను. స్కాన్ కోడ్ కీ ఉన్న చోటును చెబుతుంది, దాని మీద ఏ అక్షరం ఉందన్నది దానికి పట్టదు. ఇన్‌స్క్రిప్ట్‌లో నా వేళ్లకు అవి జే, కే, ఎల్ కావు. ర, క, త. భాష మార్చినప్పుడల్లా స్క్రిప్టు ఏమనుకుంటుందో అన్న బెంగ ఉండదు.

తొలి స్క్రిప్టు 30 వరుసలు. 10 మిల్లీసెకన్లకోసారి మోగే టైమర్, మోగినప్పుడల్లా 8 పిక్సెళ్ల అడుగు. కాగితం మీద సెకనుకు 800 పిక్సెళ్లు. తెర ఈ చివరి నుంచి ఆ చివరికి 2.4 సెకన్లు పట్టాలి.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. 3.7, 3.8, 3.7.

అడుగు పెంచితే పోయేది. కానీ లెక్క ఎందుకు తప్పిందో తెలియకుండా పెంచడం నచ్చలేదు. సాయంత్రమంతా దాని మీదే పోయింది. కారణం విండోస్ గడియారం. మామూలుగా అది సెకనుకు 64 సార్లు, అంటే 15.6 మిల్లీసెకన్లకోసారి టిక్కుమంటుంది. నేను 10 అడిగినా స్క్రిప్టుకు దొరికేది తర్వాతి టిక్కే. 1920 పిక్సెళ్లకు 240 అడుగులు. 240ని 15.6తో గుణిస్తే 3.74 సెకన్లు. స్టాప్‌వాచ్ చెప్పింది అదే.

పరీక్ష 104 సెకన్లు, తప్పులు 5. 480 రూపాయల ప్యాడ్‌కన్నా 5 సెకన్లు మేలు.

ఇప్పటిదాకా: ఖర్చు 480, పని 8 గంటల 30 నిమిషాలు, పరీక్ష 104.

మూడో దశ: అడుగు కాదు, వేగం (7 నుంచి 10వ రోజు)

మార్చినవి, వాటి కారణాలు:

1. టైమర్ ఎప్పుడు మోగినా, పోయినసారి మోగి ఎంతసేపైందో సూక్ష్మంగా కొలిచి, వేగాన్ని ఆ సమయంతో గుణించి కదపడం. టిక్కు ఆలస్యమైనా బాణం వేగం మారదు.

2. చిల్లర దాచుకోవడం. ఇది నాకు తట్టడానికి ఒక రోజు పట్టింది. అక్షరాల మధ్య కర్సర్ పెట్టాలంటే నెమ్మది వేగం కావాలి. సెకనుకు 30 పిక్సెళ్లు పెట్టాను. బాణం అసలు కదల్లేదు. 35 పెడితే ఒక్కసారిగా పరుగు. 30ని 15.6 మిల్లీసెకన్లతో గుణిస్తే 0.47 పిక్సెల్. స్క్రిప్టు దాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సున్నా. 35కైతే 0.55, సవరిస్తే 1. టిక్కుకు ఒకటి అంటే సెకనుకు 64. అంటే 30 అడిగితే 0, 35 అడిగితే 64! ఇప్పుడు మిగిలిన భిన్నాన్ని పారెయ్యకుండా తర్వాతి టిక్కుకు కలుపుతున్నాను. 30 అంటే 30.

3. మూలలకు వెళ్లేటప్పుడు రెండు దిక్కులనూ 0.707తో గుణించడం. లేకపోతే పైకి 800, పక్కకు 800 కలిసి ఏటవాలుగా 1131 అవుతుంది. నేరుగా వెళ్లేటప్పుడు కుదిరిన చెయ్యి మూలకు తిరగగానే దాటిపోతోంది.

4. త్వరణం. నొక్కగానే సెకనుకు 120; అక్కడి నుంచి పెరుగుతూ 0.8 సెకన్లకు 1400.

మధ్యలో ఒక పక్కదారి. బాణాన్ని కదపడానికి విండోస్ సొంత ఫంక్షన్‌ను నేరుగా పిలిచి చూశాను. 8 పిక్సెళ్లు అడిగితే ఒకసారి 8, ఒకసారి ఇంకేదో. అలా పంపిన సాపేక్ష కదలికలను కూడా విండోస్ నిజం మౌస్ కదలికలుగానే చూసి, కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్న వేగం, త్వరణం సెట్టింగులను వాటికీ రుద్దుతుంది. నా త్వరణం మీద దాని త్వరణం. ఆటోహాట్‌కీ సొంత మౌస్‌మూవ్ కమాండుకు తిరిగొచ్చాను. గంటన్నర వృథా.

పరీక్ష 83. సంబరపడబోతే తప్పులు 7.

ఏ తప్పైనా ఒకటే రకం: లక్ష్యం దాటిపోవడం. బాణం గమ్యానికి చేరిందని కన్ను చూసి, వేలు కీ వదిలేసరికి నాకు సుమారు 0.2 సెకన్లు. 1400 వేగంలో ఆ లోపల బాణం 280 పిక్సెళ్లు పోతుంది. లక్ష్యం వెడల్పు 24. వేగాన్ని 900కు దించితే దాటడం 180కి తగ్గింది, తప్పులు 3కు వచ్చాయి, పరీక్ష 78. 700కు దించితే తప్పులు 2, పరీక్ష 86. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. పెంచితే దాటుతుంది, తగ్గిస్తే పాకుతుంది.

ఇది నా చేతకానితనం కాదని తర్వాత తెలిసింది. 1978లో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లో కార్డ్, ఇంగ్లిష్, బర్ అనే ముగ్గురు మౌస్‌నూ, జాయ్‌స్టిక్‌నూ, రెండు రకాల కీలనూ పోల్చి చూశారు. గెలిచింది మౌస్. 1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం ప్రకారం, దూరం రెట్టింపైనప్పుడల్లా చేతికి పట్టే సమయం ఒక్క మెట్టు మాత్రమే పెరుగుతుంది. చెయ్యి దూరానికి తగ్గట్టు విసురుగా బయల్దేరి చివర్లో తనే నెమ్మదిస్తుంది. అడుగులు వేసే కీకి ఆ తెలివి లేదు. దూరం రెట్టింపైతే అడుగులూ రెట్టింపే. నాలుగు రోజులుగా నేను చేస్తున్నది ఆ కీకి మెరుగైన చెప్పులు తొడగడం.

ఇప్పటిదాకా: ఖర్చు 480, పని 14 గంటలు, పరీక్ష 78.

నాలుగో దశ: ప్రమాదాలు (11 నుంచి 16వ రోజు)

దూరం సంగతి పక్కనపెట్టి, ఉన్నదానితో రోజు పని మొదలుపెట్టాను. పరీక్షలో బయటపడనివన్నీ పనిలో బయటపడ్డాయి.

క్లిక్కుల వాన. ఫైలు మీద ఎఫ్ ఒక్క క్షణం ఎక్కువ పట్టాను. ఒకే పీడీఎఫ్ ఆరుసార్లు తెరుచుకుంది. నొక్కి పట్టిన కీని విండోస్ సెకనుకు 30 సార్ల దాకా మళ్లీ మళ్లీ పంపుతుంది. నా స్క్రిప్టు ప్రతి దానికీ ఒక క్లిక్ కొట్టింది. మార్పు: ఎఫ్ దిగగానే బటన్ కిందికి, ఎఫ్ లేవగానే బటన్ పైకి, మధ్యలో వచ్చే పునరుక్తులన్నీ బుట్టదాఖలు. దీంతో డ్రాగింగ్ ఉచితంగా వచ్చింది: ఎఫ్ పట్టుకుని బాణం కదపడమే.

అతుక్కుపోయిన బటన్. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే. ఎఫ్ కన్నా ముందు క్యాప్స్ లాక్ వదిలేశాను. ఎఫ్ లేచినట్టు గుర్తించే వరుస క్యాప్స్ నొక్కి ఉంటేనే పనిచేస్తుంది కనుక బటన్ కిందే ఉండిపోయింది. నాకు తెలియదు. తర్వాత బాణం కదిపితే వచనం ఎంపికవుతూ పోయింది. ఆపైన దిద్దుబాటు కొట్టడం మొదలుపెట్టాను. రెండు పేజీల కథ ఒక్క 'క'గా మారిపోయింది. కంట్రోల్ జెడ్‌కు నమస్కారం పెట్టి ఒక వరుస చేర్చాను: క్యాప్స్ లేవగానే నొక్కి ఉన్న బటన్లన్నీ వదిలెయ్. ఎవరు కాపీ కొట్టినా ముందు ఈ వరుస రాసుకోండి, మిగతావి తర్వాత.

క్యాప్స్ లాక్ దీపం. పట్టుకుని వదిలినప్పుడల్లా దీపం వెలుగుతోంది, ఆ తర్వాత ఇంగ్లిష్ అంతా పెద్ద అక్షరాల్లో. క్యాప్స్ లాక్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండేలా స్క్రిప్టు మొదట్లోనే ఒక ఆజ్ఞ. ఒక్క నిమిషం పని.

మాయమయ్యే కీలు. క్యాప్స్, ఐ, జే పట్టుకుంటే బాణం ఎడమ మూలకు పోతుంది. దానికి తోడు నెమ్మది కోసం ఎస్ నొక్కితే ఏమీ జరగదు. స్క్రిప్టులో తప్పు వెతుక్కుంటూ మూడు గంటలు పోగొట్టుకున్నాను. చివరికి ఆటోహాట్‌కీలో నొక్కిన కీల జాబితా చూపే కీ హిస్టరీ కిటికీ తెరిచి చూస్తే, ఎస్ నొక్కిన జాడే లేదు. కీబోర్డే దాన్ని పంపడం లేదు. చవక కీబోర్డుల్లో కీలన్నీ అడ్డగీతలు, నిలువుగీతల వల మీద ఉంటాయి. కొన్ని కీలు కలిపి నొక్కితే ఏది నిజమో తేల్చుకోలేక నాలుగోదాన్ని మింగేస్తుంది. ఏ కలయికలు మునుగుతాయో మోడల్‌ను బట్టి మారుతుంది. కాబట్టి కీలు నిర్ణయించుకోకముందే ఇలా చూసుకోండి:

1. కీ హిస్టరీ తెరవండి.
2. క్యాప్స్ పట్టుకుని, రెండు దిక్కుల కీలు పట్టుకుని, నాలుగో కీగా ఒక్కో అక్షరం కొట్టండి.
3. కనిపించనివి కాగితం మీద రాసుకుని వాటిని వదిలెయ్యండి.

నా దాంట్లో ఎస్, డబ్ల్యూ మునిగాయి. డీ, ఎఫ్, స్పేస్ తేలాయి. నెమ్మది కీ స్పేస్ అయింది.

పెద్దమనుషుల కిటికీలు. టాస్క్ మేనేజర్ ముందుకొస్తే నా కీలన్నీ చచ్చుబడుతున్నాయి. అడ్మిన్ హక్కులతో నడిచే కిటికీ ఎదురుగా ఉంటే మామూలు హక్కుల స్క్రిప్టుకు కీలు అందనివ్వదు విండోస్. భద్రత కోసం కావాలనే అలా పెట్టారు. ఆటోహాట్‌కీలో యూఐ యాక్సెస్‌తో, అంటే అలాంటి కిటికీల దగ్గర కూడా పనిచేసే అనుమతితో, నడిపే ఏర్పాటు ఉంది, దాంతో తీరింది. అనుమతి అడుగుతూ తెర మసకబారే పెట్టె మాత్రం వేరే లోకం, అక్కడికి ఏ స్క్రిప్టూ పోలేదు. అక్కడ ఆల్ట్ వై అంటే సరే, ఆల్ట్ ఎన్ అంటే వద్దు. బాణంతో పనేముంది?

ఇప్పటిదాకా: ఖర్చు 480, పని 21 గంటలు, పరీక్ష 78 (మారలేదు), పోగొట్టుకుని తిరిగి తెచ్చుకున్న పేజీలు 2.

ఐదో దశ: నడవడం మాని దూకడం (17 నుంచి 26వ రోజు)

బాణాన్ని లక్ష్యం దాకా నడిపించడం దండగ. దగ్గరికి దూకించి, చివరి నాలుగడుగులు నడిపిస్తే చాలు. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. లైనక్స్‌లో కీనావ్ అనే పనిముట్టు తెరను సగానికి సగం కోసుకుంటూ పోతుంది. విండోస్ పాత స్పీచ్ రికగ్నిషన్‌లో మౌస్‌గ్రిడ్ అంటే తెర తొమ్మిది గడులయ్యేది, నోటితో అంకె చెప్పాల్సి వచ్చేది. నేను కాగితం మీద రెండూ లెక్క వేసుకున్నాను.

సగం కోతతో 1920ని 24 లోపుకు తేవాలంటే ఏడుసార్లు, 1080ని 13 దగ్గరికి తేవాలంటే మరో ఆరేడుసార్లు. మొత్తం పదమూడు పైచిలుకు తట్లు (కీ నొక్కడాలు).

తొమ్మిది గడులతో:

1. మొదటి తట్టు: 640 × 360
2. రెండో తట్టు: 213 × 120
3. మూడో తట్టు: 71 × 40
4. నాలుగో తట్టు: సుమారు 24 × 13

నాలుగు తట్లు. బాణం గడి మధ్యలో నిలబడుతుంది కనుక తప్పు ఎటైనా 12 పిక్సెళ్లు మించదు. బటన్లకు, మెనూలకు చాలాసార్లు మూడు తట్లే చాలు.

కీలు మూడు వరుసలు: యూ, ఐ, ఓ పైన, జే, కే, ఎల్ మధ్యన, ఎం, కామా, చుక్క కింద. తెర మీద గడి ఎక్కడో, చేతి కింద కీ అక్కడ. క్యాప్స్ పట్టుకుని జీ కొడితే గడులు గీస్తుంది. బ్యాక్‌స్పేస్ ఒక మెట్టు వెనక్కి.

ఒక్కొక్కటిగా విరిగినవి:

గడులు గీయగానే తెరిచి ఉన్న మెనూ మూసుకుపోతోంది. మెనూలో ఐటమ్ మీదికి దూకుదామనే కదా గీసింది! గీతల కిటికీ తెర మీదికొస్తూ ఫోకస్‌ను, అంటే ప్రస్తుతం వాడుతున్న కిటికీ అనే హోదాను, లాక్కుంటోంది. ఫోకస్ పోయిన మెనూ ముడుచుకుంటుంది. కిటికీని యాక్టివేట్ చెయ్యకుండా చూపించే ఐచ్ఛికం పెట్టాను, పైగా క్లిక్కులు దాని గుండా కిందికి పోయేలా పారదర్శకం చేశాను.

గడియారం పక్కన ఉన్న గుర్తులకు చేరలేకపోయాను. తెర కొలతగా టాస్క్‌బార్ పోను మిగిలిన చోటును తీసుకున్నాను. పూర్తి మానిటర్ కొలత తీసుకుంటే సరిపోయింది.

పక్క మానిటర్‌లో గురి తప్పింది. ఎడమ పైమూలలో సరిగ్గా, కుడి కిందికి పోయేకొద్దీ దూరం. గీతలు ఒకచోట, బాణం ఇంకోచోట. 125కీ 100కీ తేడా. స్క్రిప్టు ల్యాప్‌టాప్ స్కేలింగ్‌నే రెండు తెరలకూ అన్వయిస్తోంది. ఒక్కో మానిటర్‌కు దాని స్కేలింగ్ ప్రకారం లెక్కించమని విండోస్‌కు చెప్పే పిలుపు ఒకటుంది, ఆటోహాట్‌కీ సహాయ పుటల్లోనే వివరించారు. బాణాన్ని కదిపే ముందు దాన్ని పిలవాలి. ఒక్క వరుస. రెండు రాత్రులు.

లక్ష్యం సరిగ్గా గీత మీద పడితే? రెండు గడుల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. తర్వాతి తట్లు గీత వైపు గడులే కొడితే చివరికి 12 పిక్సెళ్ల దూరంలో ఉంటాం. చిక్కు లెక్కలో లేదు, తటపటాయింపులో ఉంది: ఇదా అదా అని అరసెకను. నియమం పెట్టుకున్నాను. గీత మీదుంటే ఎడమ గడి, పై గడి. ఆలోచించను.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు మాత్రం నా పాత నిర్ణయం వల్ల వచ్చాయి. గడుల్లో కే అంటే మధ్య గడి. నడకలో కే అంటే కిందికి. దూకి, దూకి, వెంటనే కిందికి నడవబోయి కామా కొడుతున్నాను, ఏమీ జరగదు. నడవబోయినప్పుడు గడుల అలవాటు, గడుల్లో నడక అలవాటు. మూడు రోజులు ఓర్చుకుని, నడకనే మార్చేశాను. ఇప్పుడు రెండింట్లోనూ ఒకటే పటం: ఐ పైకి, కామా కిందికి, జే, ఎల్ పక్కలకు, మిగతా నాలుగు మూలలకు. మధ్యలో కే క్లిక్. నా కీబోర్డు మీద అది క; క అంటే క్లిక్, మర్చిపోయే ప్రసక్తే లేదు.

దీంతో ఇంకో లాభం అడక్కుండా వచ్చింది. మూలకు పోవడానికి ఇప్పుడు రెండు కీలు కాదు, ఒకటే. కలయికలో ఒక కీ తగ్గింది కాబట్టి మునిగే కీల బాధ కూడా పోయింది. ఇది ఐదో రోజే తట్టి ఉంటే నాలుగో దశలో మూడు గంటలు మిగిలేవి. మొదటి రోజు కొన్న నంబర్ ప్యాడ్‌లో 5 క్లిక్ అని నా కళ్ల ముందే ఉంది.

పరీక్ష: గడులు కొత్తలో 61, పటం మార్చాక 52, పది రోజులయ్యాక 44. తప్పు 1.

ఇప్పటిదాకా: ఖర్చు 480, పని 30 గంటలు, పరీక్ష 44.

ఆరో దశ: అసలు పనిలో కొలత (27 నుంచి 42వ రోజు)

ఎడమచేతి మౌస్‌ను మళ్లీ కొలిచాను, న్యాయం కోసం. అప్పుడప్పుడు వాడుతూనే ఉన్నాను కనుక 49 కాస్తా 43 అయింది. నా 30 గంటల శ్రమ 44. తమ్ముడు మాట్లాడలేదు, నవ్వాడు.

కానీ చదరాల పరీక్షలో టైపింగ్ లేదు. నా పనిలో ప్రతి క్లిక్ తర్వాతా ఒక పదం కొట్టాలి. చెయ్యి కీబోర్డు నుంచి మౌస్‌కు పోవడానికి 0.4 సెకను అని కార్డ్, మోరన్, న్యూవెల్ 1980లో తమ కీస్ట్రోక్ నమూనాలో లెక్కగట్టారు. పోనూ రానూ 0.8. అందుకని రెండో పరీక్ష: ఒకే అధ్యాయం ప్రూఫులో 30 దిద్దుబాట్లు, అంటే తప్పు దగ్గర క్లిక్ చేసి సరైన పదం కొట్టడం.

1. ఎడమచేతి మౌస్: 4 నిమిషాల 10 సెకన్లు.
2. గడులు, నడక: 3 నిమిషాల 35 సెకన్లు.

ఒక్కో దిద్దుబాటుకు 1.2 సెకన్ల తేడా. నమూనా చెప్పిన 0.8 కన్నా ఎక్కువే. ఎడమచెయ్యి తిరిగొచ్చి ఎఫ్ మీది గుబ్బను తడుముకునే సమయం కూడా కలిసి ఉంటుంది.

ఒక రోజంతా పక్కన కాగితం పెట్టుకుని, బాణం వాడినప్పుడల్లా గీత గీశాను. 286 గీతలు. రాత్రి ఒక్కోదాన్నీ చూస్తే 117 చోట్ల బాణం అక్కర్లేదు: కిటికీ మార్చడానికి ఆల్ట్ ట్యాబ్, రైట్ క్లిక్ మెనూకు షిఫ్ట్ ఎఫ్10, పదం ఎంపికకు కంట్రోల్ షిఫ్ట్ పక్కబాణం. ఈ లెక్క మొదటి రోజే తీసి ఉండాల్సింది. మీరు తియ్యండి.

చేతకానివి రెండు. బొమ్మ చుట్టూ వంపు గీత గియ్యడం: ఎనిమిది దిక్కుల బాణంతో వచ్చేది మెట్లే. ఆ పని తమ్ముడికి అప్పజెప్పాను. రెండోది, తెలుగు వచనం మధ్యలో గురి. 'క్ష్మి' లాంటి చోట్ల కర్సర్ ముక్క మధ్యలోకి పోదు, ముందో వెనకో నిలుస్తుంది. అక్షరం వెడల్పు ఎక్కువ కనుక 12 పిక్సెళ్ల తేడాకు అటుపోయి ఇటు పడుతుంది. పదం దగ్గరికి దూకి, క్లిక్ చేసి, మిగతాది పక్కబాణం కీతో పోతున్నాను. అదే వేగం.

కాపీ చేసుకునేవాళ్లకు ఇవాళ్టి పటం, స్కాన్ కోడ్‌లతో (హెక్స్ సంఖ్యలు):

1. పై వరుస యూ, ఐ, ఓ: 016, 017, 018.
2. మధ్య వరుస జే, కే, ఎల్: 024, 025, 026. నడకలో 025 క్లిక్.
3. కింది వరుస ఎం, కామా, చుక్క: 032, 033, 034.
4. ఎఫ్ 021: పట్టుకున్నంతసేపు ఎడమ బటన్. డీ 020: రైట్ క్లిక్.
5. జీ 022: గడులు. టీ 014: రెండో మానిటర్‌కు.
6. ఆర్ 013: పైకి స్క్రోల్. ఈ 012: కిందికి.
7. స్పేస్ 039: నెమ్మది, సెకనుకు 30 పిక్సెళ్లు. మామూలు నడక 120తో మొదలై గరిష్ఠం 500. దూకడం ఉంది కనుక 900 అక్కర్లేకపోయింది.

42వ రోజు పట్టీ తీసేశారు. మౌస్ వాడొచ్చు, కానీ గంటకోసారి ఆపమన్నారు. నంబర్ ప్యాడ్ తమ్ముడు తీసుకున్నాడు, 200 ఇచ్చాడు.

ఇప్పటిదాకా: ఖర్చు 280, పని 36 గంటలు, పరీక్ష 44, అసలు పని 3 నిమిషాల 35 సెకన్లు.

43వ రోజు. స్క్రిప్టులో కొత్త పురుగు (బగ్). పక్క మానిటర్ కేబుల్ పీకేశాక టీ కొడితే బాణం మాయం. ఇప్పుడు అక్కడ లేని తెర మీద స్క్రిప్టు గడులు గీసుకుంటోంది. మానిటర్ల సంఖ్యను స్క్రిప్టు మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతున్నాను. ప్రతి టీకీ మళ్లీ చదివేలా మార్చాలి. అప్పటిదాకా కేబుల్ పీకితే స్క్రిప్టును తిరిగి మొదలుపెడుతున్నాను.